ఆ ముప్పై వేలు కార్డుకు పెట్టొద్దు

మన నెల్లూరు మెట్టలో, ఆత్మకూరులో గానీ ఉదయగిరిలో గానీ, ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ ఉన్న కుర్రాడు దానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటానంటే, కొనొద్దనే చెప్తాను. గట్టిగానే చెప్తాను. కొనమని చెప్పేవాళ్లంతా అంతకన్నా గట్టిగా చెప్తున్నారు మరి. యూట్యూబ్‌లో చెప్తున్నారు, షాపులో చెప్తున్నారు, ఫోన్‌కు ఈఎంఐ ఆఫర్ పంపి మరీ చెప్తున్నారు. వద్దనేది ఇంట్లో నాయన ఒక్కడే. ఆయనకు కారణం చెప్పడం రాదు. "ఏందిరా ఈ ఆటల పిచ్చి" అని కసురుకుంటాడు. కసురుకుంటే పిల్లవాడు మొండికేస్తాడు, వాళ్లమ్మ దగ్గర చేరతాడు, ఆఖరికి కార్డు ఇంటికొస్తుంది. ఆ నాయన చెప్పలేని కారణాలు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆటలాడే పిల్లల మీద నాకు కోపం లేదు, ఆ సంగతి ముందే చెప్తున్నా. తెల్లారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెట్టి రాత్రి దాకా కదలనివ్వని మన ఇంటర్ చదువుల మధ్య, సెలవులకు ఇంటికొచ్చినవాడు నలుగురు స్నేహితులతో రెండు గంటలు వాలరెంట్ ఆడుకుంటే ఊరేమీ మునిగిపోదు. క్రికెట్ బెట్టింగుల్లో ఎకరాలు పోగొట్టుకున్నవాళ్లను చూసీ చూడనట్టు వదిలేసే ఊళ్లు, కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడిని చెడిపోయినవాడి కింద జమకట్టడం అన్యాయం. నా కోపమంతా ఆ పిల్లవాడికి అసంతృప్తిని అమ్ముకుని బతికే వ్యాపారం మీద.

లెక్క చూద్దాం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 2025 మేలో వచ్చింది. అమెరికా ధర 299 డాలర్లు. మన దగ్గర 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు లాభం, షాపు లాభం అన్నీ కలుపుకుని ముప్పై వేలకు అటూ ఇటూగా పడుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నూరు రోజుల పని మొత్తం దొరికినా 30,700. అంటే వరికుంటపాడు ఎండలో ఒక తల్లి ఏడాదికి దొరికే ఆ నూరు రోజులూ తట్ట మోస్తే ఒక్క కార్డు. అది కూడా అన్నిటికన్నా పైదేం కాదు, ఆ వరసలో కింది మెట్లలో ఒకటి. డీసీ పల్లి, కలిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు కిలోకు ఐదు రూపాయలు తగ్గితే వేలం ఆపించి గొడవకు దిగే రైతు, కొడుకు షాపులో నిలబడి "ఇంకో ఆరు వేలు వేస్తే పై మోడల్ వస్తుంది నాయనా" అనగానే జేబులో చెయ్యి పెడతాడు. అక్కడ బేరం చెయ్యడం ఆయనకు తెలియదు. ఏం కొంటున్నాడో తెలిస్తే గదా బేరం చేసేది?

ఏం కొంటున్నాడో నేను చెప్తాను. 2016లో జీటీఎక్స్ 1070 వచ్చినప్పుడు దాని మీద 8 జీబీ మెమరీ ఉండేది. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన 5060 మీద కూడా 8 జీబీయే. ఇంకా ఘోరం మధ్యలో జరిగింది. 2021లో ఆర్‌టీఎక్స్ 3060ని 12 జీబీ మెమరీతో, 192 బిట్ల మెమరీ దారితో అమ్మారు. 2023లో దాని తర్వాతి తరమని 4060 తెచ్చారు. మెమరీ 8 జీబీకి తగ్గింది, దారి 128 బిట్లకు ఇరుకయింది, పెట్టె మీద నంబరు మాత్రం పెరిగింది. లోపల క్యాష్ మెమరీ పెంచాం, అదే సరిపోతుందని కంపెనీ జవాబు. ఆట మెమరీ నిండిపోయి బొమ్మ ఆగి ఆగి నడిచేటప్పుడు ఆ జవాబు ఎవరిని కాపాడుతుంది? చిల్లర కొట్టువాడు కిలో పొట్లంలో ముప్పావు కిలో పోసి అమ్మితే తూనికలు కొలతల శాఖవాళ్లొచ్చి కేసు రాస్తారు. దీన్ని మాత్రం కొత్త తరం అనుకుని మనమే వెళ్లి లైన్లో నిలబడుతున్నాం.

ఇక ఫ్రేముల గారడీ సంగతి. 2025 జనవరిలో లాస్‌వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 1,599 డాలర్ల 4090 పనితీరు ఇస్తుందని ప్రకటించాడు. అందులో కిటుకు ఫ్రేమ్ జనరేషన్. కార్డు నిజంగా గీసేది ఒక బొమ్మ, దాని వెనక మూడు బొమ్మల దాకా ఊహించి ఇరికిస్తుంది. నాలుగూ కలిపి లెక్క వేసి సెకనుకు 200 ఫ్రేములని తెర మీద చూపిస్తారు. మధ్యలో బొమ్మ పుట్టించాలంటే తర్వాతి బొమ్మను కాసేపు ఆపి పట్టుకోవాలి కదా, అందువల్ల మౌస్ నొక్కినదానికీ తెర మీద తుపాకీ పేలినదానికీ మధ్య ఎడం పెరుగుతుందే తప్ప తగ్గదు. అయినా మన దగ్గర చాలా ఇళ్లల్లో ఉన్న మానిటర్ 60 హెర్ట్జ్‌ది. సెకనుకు అరవై సార్లకు మించి అది బొమ్మ మార్చలేదు. ఆ మానిటర్ ముందు కూర్చుని 140 ఫ్రేములు వస్తున్నాయని మురిసిపోయేవాడికి అందులో సగానికి పైగా కంటికి అందకుండానే పోతున్నాయని షాపులో ఎవరూ చెప్పరు. చెబితే కార్డు అమ్ముడుపోదు గదా. వాలరెంట్‌లో దెబ్బ తగలడానికి ముందే చచ్చిపోతున్నానని గోల పెట్టే కుర్రాళ్లు కూడా కార్డు వైపే చూస్తారు. సర్వర్ ముంబైలో ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లి రావడానికి సిగ్నల్‌కు పట్టే టైమును ఏ కార్డూ ఒక్క మిల్లీసెకను తగ్గించలేదు.

సోమశిల సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. జలాశయంలో 78 టీఎంసీలు పడతాయి. నిండు కుండగా ఉన్న సంవత్సరాల్లో కూడా ఉదయగిరి మెట్ట పొలం ఎండుతూనే ఉంది, ఎందుకంటే నీళ్లు జలాశయంలో ఉంటే చాలదు, కాలవ అక్కడి దాకా రావాలి. కంప్యూటర్‌లో జరిగేదీ అదే. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్110 బోర్డు ఉన్న మెషీన్‌లో తెచ్చి 5060 పెడతారు. ఆ కార్డు ఎనిమిది లేన్ల మీదే మాట్లాడుతుంది, పాత బోర్డు ఆ లేన్లను పాత వేగంతోనే నడుపుతుంది, నాలుగు కోర్ల ప్రాసెసర్ ఆటలో మనుషులను, తూటాలను లెక్కపెట్టలేక ఆయాసపడుతుంది, కార్డు సగం పనితో ఖాళీగా కూర్చుంటుంది. కుర్రాడు మళ్లీ షాపుకు వెళ్తాడు. "ప్రాసెసర్ సరిపోదు తమ్ముడూ" అంటారు. కొత్త తరం ప్రాసెసర్ పెట్టాలంటే బోర్డు మార్చాలి. కొత్త బోర్డుల్లో చాలావాటికి పాత ర్యామ్ ఎక్కదు. కొత్త ప్రాసెసర్‌కు కూలర్ కావాలి, అన్నిటికీ కలిపి ఎస్ఎంపీఎస్ సరిపోదు. ముప్పై వేలతో బయలుదేరినవాడు లక్ష దగ్గర తేలతాడు. ఇదంతా యాదృచ్ఛికం అనుకుంటున్నారా? 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు తెచ్చినప్పుడు సాకెట్‌లో పిన్నుల లెక్క అదే 1151. అయినా పాత బోర్డులో పనిచేయవని కొత్త బోర్డు కొనిపించారు. ఏఎండీవాళ్లు అదే కాలంలో ఏఎం4 సాకెట్‌ను పట్టుకుని 2017 రైజెన్ కొన్నవాడికి అదే బోర్డులో 2022 నాటి 5800ఎక్స్3డీ దాకా దారి వదిలారు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చని అర్థమయిందిగా.

ఒక కేబినెట్ గురించి చెప్తాను. దుత్తలూరు వైపు నుంచి ఒక అబ్బాయి బస్సులో ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. జీటీఎక్స్ 1650 కార్డు, ఆట పది నిమిషాలు బాగా నడిచి తర్వాత నత్తనడక. కార్డు మార్చాలని నిర్ణయించుకునే వచ్చాడు. మూత తీస్తే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రదుమ్ము, నూలుపోగులు, జుట్టు కలిసి గడ్డకట్టి ఉన్నాయి. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, గాలి మాత్రం అటు దాటడం లేదు. ఎస్ఎంపీఎస్ జాలీలో బల్లి గుడ్ల పెంకులు. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్ట్ ఎండిపోయి గోటితో గీకితే పొడి రాలింది. వేడి 95 డిగ్రీలకు చేరి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసరే వేగం తగ్గించుకుంటోంది. బ్లోయర్ పట్టి, బ్రష్‌తో రేకులు దులిపి, కొత్త పేస్ట్ పూసి, తిరగేసి బిగించిన ముందు ఫ్యాన్‌ను సరిగ్గా పెట్టాం. పేస్ట్ ఖరీదు వందల్లోనే. అదే కార్డు మీద అదే ఆట ఆగకుండా నడిచింది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో, రేకుల గదిలో, ఎర్రమట్టి రోడ్డు పక్కన పెట్టిన మెషీన్‌కు ఏసీ గదిలో తీసిన రివ్యూ వీడియో ఏం చెప్తుంది? ఆ వీడియోలో చూపిన ఫ్రేములు ఆ గది ఫ్రేములు.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం, దాని గురించి ఎవరూ వీడియో తీయరు. పగటిపూట మూడు ఫేజుల కరెంటు వచ్చి బోర్ల మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు పల్లెల్లో స్టెబిలైజర్ ముల్లు 230 దగ్గర్నుంచి ఎంత కిందికి జారుతుందో గమనించండి. చాలామంది దగ్గరుండే యూపీఎస్ మీద 600 వీఏ అని రాసి ఉంటుంది. అది వాట్లు కాదు. ఆ రకంలో మామూలుగా మోసేది 360 వాట్లే, బ్యాటరీ రెండేళ్లదైతే అదీ అనుమానమే. కొత్త కార్డు, కొత్త ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆటలో 350 వాట్లు దాటాక కరెంటు పోయిందంటే ఆ యూపీఎస్ ఒక్క కూత కూసి పడిపోతుంది. విండోస్ ఫైళ్లు పాడవుతాయి, ఒక్కోసారి బోర్డే పోతుంది. అప్పుడు కార్డు కంపెనీ పూచీ పడదు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కాలితే వారంటీ వర్తించదని వారంటీ కాగితాల్లో సన్నని అక్షరాల్లో ఉంటుంది, చదివి చూడండి.

ఇక ఎర్తింగ్. పాత ఇళ్లల్లో త్రీపిన్ సాకెట్‌కు పైన పెద్ద బొక్క ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. కేబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, "అంతే అన్నా, కంప్యూటరన్నాక కొడతది" అంటారు. కొట్టకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, గుంత తీయించి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేయించి, ఎండాకాలం రోజూ ఓ బిందె నీళ్లు పోయండి. ఉదయగిరి రాతి నేలలో తేమ లేక ఎర్త్ పనిచేయడం మానేస్తుంది. అయ్యే ఖర్చు కార్డు ధరలో చిన్న వాటా. ఇల్లంతటికీ పనికొస్తుంది, ఫ్రిజ్ దగ్గర నిలబడే అమ్మకూ పనికొస్తుంది. దీన్ని అప్‌గ్రేడ్ అని ఎవరూ పిలవరు. నేను పిలుస్తాను.

కరెంటు బిల్లు కూడా చూడండి. 400 వాట్ల మెషీన్‌ను రోజుకు నాలుగు గంటలు ఆడిస్తే నెలకు 48 యూనిట్లు. ఇంట్లో కూలర్, ఫ్రిజ్ కలిసి 225 యూనిట్లు దాటిన నెలలో ఆ పైన 400 దాకా ప్రతి యూనిట్‌కూ 2025-26 లెక్కన 8 రూపాయల 75 పైసలు. నాలుగొందల ఇరవై అక్కడే పోయింది, సర్దుబాటు చార్జీలు అదనం. ఆర్‌టీఎక్స్ 5090 అనే కార్డు ఒక్కటే 575 వాట్లు లాగుతుంది. అలాంటిది మన దగ్గర ఎవరూ కొనరనుకోండి, కానీ పిల్లలు ఫోన్‌లో చూసి కలలు కనేది దాన్నే.

ఈ కంపెనీలకు మన పిల్లలంటే లెక్క ఉందా? 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా ఆదాయం 130 బిలియన్ డాలర్లు దాటింది. అందులో గేమింగ్ వాటా 11 బిలియన్ల చిల్లర, అంటే తొమ్మిది శాతం లోపు. మిగతాదంతా దాదాపుగా డేటా సెంటర్లది. 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను తోడేసుకుంటే ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటి మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నామని చెప్పేసింది. 2025 అక్టోబరు 14 తేదీ గుర్తుపెట్టుకోండి. విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని గూగుల్ ప్రకటించింది ఆ రోజే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసిందీ ఆ రోజే. ఏడో తరం, అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు అన్నిటినీ విండోస్ 11 పట్టికలోకి రానివ్వలేదు. నిక్షేపంగా పనిచేసే మెషీన్లను ఒక్క తేదీతో ముసలివి చేసేశారు. ఇలాంటి సంవత్సరంలో, ర్యామ్ బంగారమైపోయిన మార్కెట్లో, "ఇదే మంచి సమయం" అని చెప్పే షాపువాడు మీ మంచి కోరి చెప్పడం లేదు. విండోస్ 10 ఉన్నవాళ్లు భయపడి పరుగెత్తొద్దు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా వస్తాయి.

సెకండ్‌హ్యాండ్ కొనుక్కుంటామంటారు కొందరు. మనవాళ్లు నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు, సికింద్రాబాద్‌లో చుట్టాలుంటే అక్కడి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రీ పగలూ కాల్చి వాడిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. కడిగి, స్టిక్కరు మార్చి అమ్మినవి చాలా ఉన్నాయి. ఆర్ఎక్స్ 580 అని రాసి లోపల 2048 కోర్ల తక్కువ రకం పెట్టిన కార్డులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చెన్నైలో కొన్నది ఉదయగిరికి వచ్చాక ఆడకపోతే మళ్లీ బస్సు చార్జీలు పెట్టుకుని పోయి ఎవరిని అడుగుతారు? బిల్లే ఉండదు.

కొత్త ఆటలు నడవవు కదా అన్నది అసలు ప్రశ్న. నడవనివి ఉన్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు రే ట్రేసింగ్ చేయగల కార్డు తప్పనిసరి, 1650 మీద అది తెరుచుకోదు. కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకు 2023లో ఇంకా అన్యాయం జరిగింది, బాగా నడుస్తున్న పాత ఆటను తీసేసి బరువైన కొత్త ఆటను దాని చోట పెట్టారు. వాళ్ల కష్టం నిజం. కానీ సైబర్‌పంక్ 2077 గుర్తుందా? 2020 డిసెంబరులో మొదటిరోజే కొని, దానికోసం కార్డులు కూడా మార్చినవాళ్లకు దక్కింది తప్పుల కుప్ప. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక గానీ అది ఆట కాలేదు. ఆగినవాడికి బాగుపడిన ఆట దొరికింది, అదీ తక్కువ ధరకు. 2025 సెప్టెంబరులో జనం ఎగబడి కొన్న హాలో నైట్ సిల్క్‌సాంగ్ పాత కార్డుల మీద హాయిగా నడుస్తుంది. గత పదేళ్లలో వచ్చిన మంచి ఆటల్లో మీరు ఆడనివి ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి, ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి.

డబ్బు పెట్టదగ్గ చోట్లు లేవని నేననడం లేదు. ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుపుతున్నవాడు ఎస్ఎస్‌డీ వేయించాల్సిందే, ధర పెరిగినా సరే, ఆ తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది. ఒకే ర్యామ్ స్టిక్‌తో నడుపుతున్నవాడు రెండోది జత చేస్తే మేలు. ఏఎం4 బోర్డు ఉన్నవాడు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుని ఇంకో నాలుగేళ్లు లాగొచ్చు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లు కార్డు కొంటే నేను అడ్డం రాను, ముహూర్తాల నెలలో గంట ఆదా అయితే అది వాళ్లకు రొక్కం. సొంత జీతంతో, అప్పు లేకుండా, ఇష్టపడి కొనుక్కునే బెంగళూరు ఉద్యోగికీ నేను చెప్పేదేం లేదు. వడ్డీ లేని ఈఎంఐ అని నాయన ఆధార్, నాయన బ్యాంకు ఖాతా మీద కొనే పద్దెనిమిదేళ్లవాడు నాకు ముఖ్యం. ఆ వడ్డీ ధరలోనో ప్రాసెసింగ్ ఫీజులోనో కూర్చుని ఉంటుంది. వాయిదా తప్పితే ఫోన్లు వచ్చేది నాయనకు, అదీ వేలం దగ్గర నలుగురిలో ఉండగా.

కార్డులమ్మే షాపులవాళ్లకు నాదొక డిమాండు ఉంది. కార్డు అడిగిన పిల్లవాడిని, ఏ ఆట ఆడతావు, మానిటర్ ఎన్ని హెర్ట్జ్, ప్రాసెసర్ ఏ తరం, యూపీఎస్ ఎన్ని వాట్లు, ఇంట్లో ఎర్త్ ఉందా అని అడిగి, ఆ జవాబులు బిల్లు మీద రాసి అమ్మండి. ఎరువుల కొట్టులో కూడా పైరేంటి, తెగులేంటి అని అడిగే మందిస్తారు. మీరు అడగలేకపోతే ఆ పిల్లవాడిని తోలుకొచ్చిన నాయన అడగాలి.

తమ్ముళ్లూ, మీకూ ఒక పని. ఈ ఆదివారం మూత తీసి దుమ్ము దులపండి. పేస్ట్ మార్చించండి. వేడి ఎంతకు వెళ్తోందో చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒక గంట ఆడి, అంకెలు రాసుకోండి. ఎర్త్ వేయించండి, యూపీఎస్ బ్యాటరీ మార్పించండి. సెట్టింగుల్లో షాడోలను అల్ట్రా నుంచి మీడియానికి దించండి, పరుగెత్తుతూ కాల్చేటప్పుడు ఆ తేడా ఎవరికీ కనబడదు. ఇవన్నీ చేసి, ఎస్ఎస్‌డీ కూడా వేశాక, మీరు నిజంగా రోజూ ఆడే ఆట మీ మానిటర్ మీద అరవై ఫ్రేములు అందుకోకపోతే ఆ అంకెల కాగితం తీసుకుని రండి. కార్డు సంగతి అప్పుడు మాట్లాడదాం.